మోచేతి పోటు

సైకిళ్ళ మేస్త్రీ గొంతు గొప్పదేం కాదు. బావిలో బండరాయి దొర్లినట్టుంటుంది. కానీ చర్చి పాటల బృందంలో అంత కిందికి దిగి పాడేవాళ్ళు ఇద్దరే: అతనూ, దర్జీ బావా. బంధుత్వమేం లేదు. ఇరవై రెండేళ్ళు పక్కపక్కన నిలబడితే వరస దానంతటదే కలిసింది.

పాట అడుగున ఒకే స్వరం తెగకుండా సాగాలంటే ఇద్దరూ వంతులవారీగా ఊపిరి తీసుకోవాలి. ఆ లెక్కంతా దర్జీదే. మోచేత్తో మేస్త్రీ డొక్కలో ఒక్క పోటు పొడిచేవాడు. ‘నేను పట్టుకున్నా, నువ్వు పీల్చుకో’ అని దాని అర్థం.

మొన్న వానాకాలంలో దర్జీ పోయాడు.

యేసు పడ్డ బాధలను తలుచుకునే శ్రమకాలం వచ్చింది. ఆ నలభై రోజులూ చర్చిలో కీబోర్డు మీద గుడ్డ కప్పేస్తారు, ఉత్త గొంతులే పాడాలి. పాటల టీచరమ్మ గుడ్ ఫ్రైడేకని సిలువ మీద కొత్త పాట కట్టింది. దానికి పునాది ఆ కింది స్వరమే.

సాధనలో మేస్త్రీ స్వరం ఎత్తుకుని పోటు కోసం కాచుకున్నాడు. రాలేదు. మొహం కందగడ్డయింది, కళ్ళు బైర్లు కమ్మాయి, స్వరం కీచుమని తెగింది.

“ఊరందరి టైర్లకీ గాలి కొడతావు, నీకే కరువా మేస్త్రీ?” అంది బృందంలో పాడే నర్సక్క. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ఏం చేస్తాడు?

మూడు వారాలు అదే తంతు. టీచరమ్మ పక్కకు పిలిచింది.

“ఏమీ అనుకోకండి అన్నయ్యా. ఆ స్వరం తీసేస్తాను. ఈసారికి కూర్చుని వినండి.”

“వినడానికి ఇంట్లో గోడ గడియారం ఉందమ్మా. గుడ్ ఫ్రైడే దాకా ఆగు. ఆ రోజు తెగితే నేనే మానేస్తా.”

మేస్త్రీకి పెళ్ళి కాలేదు. ఒక గది, ఒక మంచం, ఒకే గ్లాసు. పంక్చర్ పని లేకుండా మనుషులు అతనితో మాట్లాడేది వారానికి సాధన జరిగే ఆ రెండు గంటలే. అవీ పోతే ఇక గడియారమే దిక్కు.

గుడ్ ఫ్రైడే నాడు తన కుడిపక్క ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నిలబడ్డాడు. పాట మొదలైంది. ఛాతీ బిగిసింది. పోటు రాలేదు. ఇక రాదు. ఎడమ చెయ్యి అడ్డంగా తెచ్చి తన కుడి డొక్కలో తనే పొడుచుకున్నాడు. నోరు మూసి, నిండుగా పీల్చుకున్నాడు.

ఒక్క ఊపిరంతసేపు పాట కింద నేల లేదు. పై గొంతులు గాల్లో వేలాడాయి. టీచరమ్మ చెయ్యి దించలేదు. బండరాయి మళ్ళీ వచ్చి అడుగున చేరింది. చివరిదాకా అలా ఏడుసార్లు.

జనం వెళ్ళిపోయాక మేస్త్రీ పాటల కాగితాలు టీచరమ్మ చేతికిచ్చాడు.

“తెగిందిగా అమ్మా. మాటంటే మాటే.”

ఆమె కాగితాలు తిరిగి అతని చంకలో దోపింది. “తెగితే కీచుమనేది. ఇది ఆగింది, మళ్ళీ వచ్చింది. ఆదివారం పొద్దున్నే రండి, పాటలున్నాయి.”

గదికొచ్చి చొక్కా విప్పి చూసుకున్నాడు. కుడి డొక్క కమిలిపోయింది. దర్జీ బావ ఎప్పుడూ అంత గట్టిగా పొడవలేదు.