నేలకి కొసరు

పర్సుడీహ్‌లో మా పెద్దమ్మ పాలకూర పండించి సాక్చి బజారులో అమ్మేది. ఎవరు కొన్నా కొసరుగా నాలుగు రెమ్మలు వేసేది. మడికి యూరియా చల్లినా అంతే, కొలత అయ్యాక ఇంకో గుప్పెడు విసిరేది.

"నేలకి కొసరెయ్యకపోతే మనకేటి పెడతాది?" అనేది.

వాడకం తగ్గాలని సర్కారు యూరియా సంచిని చిన్నది చేసింది. ఎందుకో ఆమెకు చెప్పిన పాపాన ఒక్కడూ పోలేదు. దుకాణంవాడు తూకంలో కొట్టేశాడనుకుని, నేలకు అన్యాయం జరగకూడదని కొసరు రెండు గుప్పెళ్లు చేసింది.

నిరుడు నీళ్ల పరీక్షకు వచ్చిన ఆఫీసరు, మడిలో చల్లిన యూరియా దిగి పక్కనున్న మా బావిలో నైట్రేటు ఎక్కువైందని, చంటిపిల్లలకు పట్టొద్దని గట్టుమీద ఎర్రరంగు పూయించాడు.

"ఈ మందు నీళ్లలోకి దిగుతాదని మీకు ముందే తెలుసేటి?" అంది పెద్దమ్మ.

"తెలుసు. అందుకేగా సంచి చిన్నది చేశారు," అన్నాడతను హిందీలో.

"మరి మాకా ముక్క సెప్పలేదేటి బాబూ? మనవరాలికి పాలపొడి ఈ నీళ్లలోనే కలిపి పట్టేత్తన్నాను!"

అతను నీళ్ల సీసాలు సంచిలో సర్దుకున్నాడు. పోతూ పోతూ రెండు కట్టల పాలకూర కొని, అందరిలాగే కొసరుకి చెయ్యి చాచాడు.

"కొసరు బావిలో ఉంది, తోడుకో," అంది పెద్దమ్మ.