రక్తం తీసే అక్క

మంగళవారం పొద్దున ఆసుపత్రి వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "మేడం, మన రక్తం తీసే అక్క పోయిందంట."

"యాడికి?" అన్నాను. నిజంగానే అర్థం కాలేదు.

"సచ్చిపోయింది మేడం. కొళాయి కాడ బిందె ఎత్తుతా పడిపోయిందంట. లేపేలోపే అయిపోయిందంట."

ముందురోజు సాయంత్రం ఐదింటికి నాతో మాట్లాడిన మనిషి. "రేపు ఎండ ఎక్కువుంటాది, రక్తం గొట్టాలకు ఐసు ముందే తెప్పించు" అని చెప్పి ఉరవకొండ బస్సెక్కిన మనిషి. నలభై ఏడేళ్ళు. ఐసు ఎవరు తెస్తారు అన్న ఆలోచన తప్ప ఇంకేమీ రాలేదు.

స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్నవాళ్ళ రక్తంలో ఆక్సీకరణ ఒత్తిడి ఎంత ఉందో చూడడం నా పరిశోధన. ప్రాణవాయువును వాడుకునేటప్పుడు మన కణాల్లో కొన్ని హాని చేసే పదార్థాలు పుడతాయి. శరీరమే వాటిని అణచుకుంటుంది. ఆ శక్తి చాలకపోతే కణాలు దెబ్బతింటాయి. ఈ జబ్బున్న చాలామంది రక్తంలో ఆ దెబ్బ ఆనవాళ్ళు కనబడుతున్నాయి. అది జబ్బుకు కారణమో, ఫలితమో ఇంకా తేలలేదు.

అక్క లేకపోతే నాకు ఒక్క నమూనా కూడా దొరికేది కాదు. మొదటిరోజు కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన ఒక రైతు గోడకు ఆనుకుని, "నా రక్తం అమ్ముకుంటారు మీరు" అని అరిచాడు. నేను అనుమతి పత్రం తీసి చదవబోయాను. అక్క వెళ్ళి అతని ముందు నేల మీద కూర్చుంది.

"అన్నా, మూడు చెంచాలంతే. ఈ గొట్టం మీద నంబరు నువ్వే రాయి."

అతను వంకరటింకరగా నంబరు రాశాడు. ఆ తర్వాతే నేను చదివింది విన్నాడు, సంతకం పెట్టాడు, చెయ్యి చాపాడు.

"భయపడేటోనికి ముందే కాయితం చదవగూడదు మేడం. చేతికి ఏదో ఒక పని ఇయ్యల్ల" అంది తర్వాత.

ఇంకోరోజు గొట్టాలు సర్దుతూ అడిగింది. "వీళ్ళు శానామంది బీడీలు తాగుతాండారు. దినానికి ఎన్నో రాసుకుంటాండావా? ఆ పొగ గూడా రక్తాన్ని చెడగొడతాది గదా?"

నా ప్రశ్నల పత్రంలో తాగుతారా లేదా అన్నది మాత్రమే ఉంది. ఆ రోజే మార్చాను. మా ప్రొఫెసర్ గారు మెచ్చుకున్నారు. అది అక్క మాట అని నేను చెప్పలేదు. తర్వాత చెబుదాంలే అనుకున్నాను.

పోల్చి చూడడానికి జబ్బు లేనివాళ్ళ రక్తం కూడా కావాలి. "నువ్వూ ఇవ్వు అక్కా" అని పత్రం చేతిలో పెట్టాను. రక్తసంబంధీకుల్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉందా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయింది. పత్రం మడిచి ఇచ్చేసింది. "నన్ను ఇడిసిపెట్టు మేడం."

అందరికీ సూది గుచ్చే అక్కకు సూదంటే భయం అని నవ్వాను. తనూ నవ్వింది.

మంగళవారం మధ్యాహ్నం వాళ్ళ ఊరికి వెళ్ళాను. మూడేళ్ళలో అదే మొదటిసారి. ఇంటి అరుగు మీద తెల్ల చొక్కాతో ఒకతను కూర్చుని ఉన్నాడు. చూడగానే గుర్తుపట్టాను. రెండు నెలల కింద తన పక్కింటామెతో మా దగ్గరికొచ్చి, జబ్బున్నవాళ్ళ లెక్కలో రక్తమిచ్చిన మనిషి. ఇది రాయవచ్చా అని అతన్ని తర్వాత అడిగి, ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

"నువ్వు ఈడ...?"

"అక్క తమ్ముణ్ణి మేడం."

పక్కింటామె అందుకుంది. "అమ్మానాయన పోయినాక ఇరవై ఏండ్లు ఆయమ్మే సాకింది తల్లీ. పెండ్లి గూడా చేసుకోల్యా. ఈయప్ప మాత్ర మింగినాకనే బస్సెక్కేది."

అతని రక్తం తీసిన రోజు అక్క అతనితో "పిడికిలి బిగించప్పా" అంది, అందరితో అన్నట్టే. దూదిని మాత్రం చాలాసేపు అదిమి పట్టుకుంది. నేను చూశాను. రక్తం ఆగలేదేమో అనుకున్నాను.

"ఆసుపత్రిలో అక్కా అనొద్దనింది" అన్నాడు అతను. "పిచ్చోని ఇంటోళ్ళని తెలిస్తే మేడం పనిలో పెట్టుకోదేమో అనింది. నేను అనల్యా మేడం. ఒక్కసారి గూడా అనల్యా."

ఈ జబ్బు గురించి ఎన్నో చదివాను. నా పక్కనే మూడేళ్ళు పనిచేసిన మనిషి నన్ను చూసి భయపడిందని నాకు తెలియదు. అతని ముందు తల ఎత్తలేకపోయాను.

సాయంత్రం పాడె ఎత్తే ముందు ఎవరో గొణిగారు, నిప్పుకుండ ఇతను పట్టుకోగలడా అని. అతను లేచి వచ్చి కుండ అందుకున్నాడు. ముందు నడుస్తూ నాలుగడుగులకొకసారి వెనక్కి తిరిగి, పాడె వైపు చూసి, "అక్కా" అని పిలిచాడు. మెల్లగా మొదలై ఆ పిలుపు పెద్దదయింది. వెనక్కి చూడగూడదప్పా అని ఎవరూ అనలేదు. ఎండిన శనక్కాయ చేల మధ్య బాటలో జనం చిన్నగా అయి కనబడకుండా పోయారు. చాలాసేపటిదాకా ఆ ఒక్క మాటే వినిపించింది.