తొండ మూత్రపిండంలో ఎర్రని గింజలు

ఆ ప్రయోగశాలలో ఆవిడను అందరూ రిబ్బనక్క అనేవారు. మైనపు దిమ్మలో పొదిగిన కణజాలాన్ని యంత్రానికి బిగించి ఆవిడ పిడి తిప్పిందంటే, తల వెంట్రుకలో పదోవంతు మందం ఉన్న పొరలు ఒకదాని అంచు ఒకటి పట్టుకుని రిబ్బనులా జారేవి. తడి కుంచెతో వాటిని అందుకుని గోరువెచ్చని నీళ్ళ మీద పరిచేది. ముడతలు విప్పుకోగానే గాజు పలక మీదికి ఎత్తి రంగులు వేసేది. గాజుసామాను కడగడానికి చేరిన మనిషి. అంతకుముందు కోతలు కోసే ముసలాయన ఆవిడ చేతి నిలకడ చూసి, పని మానేసేముందు ఆ యంత్రాన్ని ఆవిడకే అప్పగించి వెళ్ళాడు.

పదకొండేళ్ళు గడిచాయి. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా మైక్రోస్కోపులో కన్ను పెట్టి చూడలేదు. చూడమని ఎవరూ అనలేదు, ఆవిడా అడగలేదు. అది చదువుకున్నవాళ్ళ వస్తువని అనుకునేది.

ఆ ఏడు వచ్చినవి మగ తొండల అవయవాలు. వృషణాలు, వాటిని అంటిపెట్టుకున్న మెలికల గొట్టాలు, వీర్యనాళాలు, మూత్రపిండాలు. నెలకిన్ని చొప్పున ఏడాది పొడవునా సేకరించినవి. ఇంట్లో ఈ మాట చెప్పగానే, బస్సుల మెకానిక్కయిన భర్త పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

"పోయి పోయి తొండల మగతనం దొరికిందా నీకు!"

"నవ్వుతావేంట్రా?" అని అత్తగారు కసురుకుంది. "నువ్వు రోజూ బస్సు కిందకి దూరి చూసేవి దేవుడి పాదాలా? పని పనే."

ఒకరోజు ఉదయం, ఆ తొండల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి పలకల పెట్టె తెచ్చి ఆవిడ బల్ల మీద ఠక్కున పెట్టింది.

"అక్కా, దిమ్మలు కలిపేశారు. ఇవి మూత్రపిండాలు కావు."

రిబ్బనక్క పెట్టె మీది చీటీ తిప్పి చూసింది. "నేను కలపలేదమ్మా. చీటీ చూడందే ఏ దిమ్మనీ ముట్టుకోను."

"మరి ఇవేంటి? చలికాలంలో తీసినవి బాగానే ఉన్నాయి. జతకట్టే కాలంలోవి చూస్తే కొన్ని గొట్టాలు రెండింతలు లావు! లోపల నిండా ఎర్రటి గింజలు. మూత్రపిండం ఇలా ఉంటుందా?"

"ఏది తప్పో నాకూ చూపించు. చూడకుండా ఎలా ఒప్పుకోను?"

అమ్మాయి ఒక్క క్షణం తటపటాయించి, తన మైక్రోస్కోపు దగ్గరికి తీసుకెళ్ళి కుర్చీ జరిపింది. మొదట రిబ్బనక్కకు తన కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి. తల కాస్త వెనక్కి తీసింది. అంతే, బొమ్మ తేటపడింది.

అప్పటికే మైక్రోస్కోపు కింద ఉన్నది జతకట్టే కాలంలో తీసిన వృషణం కోత. గుండ్రటి గదుల్లాంటి గొట్టాలు. గోడవార పెద్ద పెద్ద కణాలు, వాటి లోపలివైపు చిన్నవి, ఇంకా లోపల మరీ చిన్నవి. నడిమధ్యన తోకలన్నీ జడ కుచ్చుల్లా వేలాడేసుకున్న వీర్యకణాలు, లెక్కకు అందనన్ని. అన్నీ తాను తిప్పిన పిడి కిందే జారిన పొరలు. తాను వేసిన నీలం, తాను వేసిన గులాబీ.

అమ్మాయి దాన్ని తీసి చలికాలపు వృషణం పలక పెట్టింది. గొట్టాలు ముడుచుకుపోయి ఉన్నాయి. గోడవార ఒకటి రెండు వరసలు, మధ్యలో ఏమీ లేదు.

"ఇదీ తొండదేనా?"

"అదే జాతి అక్కా. కాలం అయిపోతే ఇంతే. మళ్ళీ కాలం రాగానే నిండుతుంది."

"ఏటేటా ఒళ్ళు లోపల ఇల్లు విప్పి మళ్ళీ కట్టుకుంటుందా!" రిబ్బనక్క మళ్ళీ కన్ను పెట్టి చూసింది. తర్వాత మెల్లగా అంది. "ఇదంతా ఇలా మారినప్పుడు మూత్రపిండం మాత్రం ఎందుకు మారకూడదమ్మా?"

అమ్మాయి పెట్టెలోని పలకల చీటీలు మళ్ళీ తిరగేసింది. రిబ్బనక్కే అంది.

"కొన్ని తొండల్లో వీర్యనాళం, మూత్రపిండం విడదీయకుండా ఒకే దిమ్మలో పొదిగావు కదా. అవి కోస్తాను. రెండూ ఒకే పొరలో ఉంటాయి. ఇక కలిసిపోయిందన్న మాటే రాదు."

ఆ రోజంతా ఆవిడ భోజనం మాట మరిచి కోసింది. మర్నాటికి రంగులు పట్టాయి. ఒకే పొరలో ఒక పక్క వీర్యంతో కిక్కిరిసిన నాళం, దాని పక్కనే మూత్రపిండం. మామూలు సన్నని గొట్టాల మధ్య, ఎత్తయిన కణాలతో, దానిమ్మ గింజలు కూరినట్టు ఎర్రగా బలిసిన గొట్టాలు. సందేహానికి తావే లేదు.

పెద్ద ప్రొఫెసరును పిలిచారు. ఆయన చూసి నవ్వాడు.

"ఇది తప్పు కాదమ్మా. బల్లి జాతి మగవాటిలో ఉండేదే. జతకట్టే కాలంలో మూత్రపిండంలో ఒక భాగం వీర్యంతో కలిసే స్రావం తయారుచేస్తుంది. పుస్తకాల్లో ఉంది, నీకు చెప్పడం నేనే మరిచాను. పొర భలే తెగింది, ఎవరు కోశారు?"

అమ్మాయి రిబ్బనక్క చెయ్యి పట్టుకుంది. "తొందరపడి నోరు జారానక్కా. ఏమీ అనుకోకండి."

"అనుకోవడానికేముంది? నీ పుణ్యమా అని నా కళ్ళతో చూశాను."

అప్పటినుంచి రిబ్బనక్క ఏ పలకనూ మైక్రోస్కోపులో చూడకుండా పెట్టెలో పెట్టలేదు. "తొండ ముదిరి ఊసరవెల్లి అయింది, మన రిబ్బనక్క ముదిరి ప్రొఫెసరవుతోంది" అని తోటివాళ్ళు ఏడిపిస్తే, "అవనీండి, మీకే పాఠాలు చెబుతా" అనేది.

ఏడాది కోతలన్నీ పూర్తయిన రోజు, నెలకొకటి చొప్పున పన్నెండు వృషణం పలకలు వరసగా పేర్చుకుని చూసుకుంటూ వచ్చింది. ఖాళీ గొట్టంలో ఒక వరస, రెండు వరసలు, కుచ్చులు, కిక్కిరిసిన సందడి, మళ్ళీ పలచబడటం, మళ్ళీ ఖాళీ. పన్నెండోది చూశాక, తల ఎత్తకుండానే చెయ్యి చాపి మొదటి పలక అందుకుంది.