స్వామి పిలిచేదాకా

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర ఒక షాపులో మా మనవరాలికి పూలజడ కొన్నాం. ప్లాస్టిక్ మల్లెలు, వెనకాల రెండు క్లిప్పులు, పిల్ల తలకి నిమిషంలో తగిలించేశారు. వేసవి వచ్చిందంటే ఒక పూటంతా కదలకుండా కూర్చుని, మెడ పట్టేసినా ఏడుపు దిగమింగుకుని జడ కుట్టించుకున్న నా ఈడు ఆడవాళ్ళకి ఆ క్లిప్పులు చూస్తే నవ్వూ వస్తుంది, కాస్త ఉక్రోషమూ వస్తుంది. నాకు మాత్రం మా బాబాయి గుర్తొచ్చి, షాపువాళ్ళని కుర్చీ అడిగి కూర్చున్నాను.

డెబ్బైల్లో మేము బెజవాడ వన్‌టౌన్‌లో ఉండేవాళ్ళం. బాబాయి అంటే నాన్నగారి ఆఖరి తమ్ముడు, బట్టల కొట్లో గుమాస్తా. నడకా మాటా ఆడవాళ్ళలా ఉంటాయని అందరూ వెక్కిరించేవారు. ఆ వెక్కిరింపులు తప్ప అలాంటి మనిషిని పిలవడానికి మాకు వేరే మాట తెలియని రోజులవి. వీధిలో తలెత్తి నడవని ఆ మనిషి, అరటిదొప్ప కొలతకి కోసుకుని, మల్లెమొగ్గలు ముందేసుకుని సూది పట్టాడంటే మాత్రం వసారాకంతటికీ దొరైపోయేవాడు. చుట్టూ చేరిన ఆడవాళ్ళ మధ్య కూర్చుని, "కదలకే, వంకరపోద్ది" అని మమ్మల్ని గదమాయిస్తూ, మరువం ఎక్కడ పెట్టాలో కనకాంబరం ఎక్కడ ఆపాలో పెళ్ళికూతుళ్ళ తల్లులకే చెప్పేవాడు, వాళ్ళూ నోరెత్తకుండా వినేవారు.

ఆయనకి నడుము దాటే జుట్టుండేది. నాయనమ్మకి టైఫాయిడ్ వచ్చినప్పుడు, తల్లి బతికితే తలనీలాలిస్తానని తిరుపతి వెంకన్నకి మొక్కుకున్నాడు. మొక్కున్న తల మీద కత్తెర పడకూడదు గనక ఎవరూ ఏమీ అనలేకపోయారు. అమ్మ ఎప్పుడైనా కదిపితే, "స్వామి ఇంకా పిలవలేదొదినా" అని నవ్వి జుట్టు ముడి చుట్టుకునేవాడు. వడ్డీకాసులవాడు కూడా మా బాబాయి విషయంలో చూసీ చూడనట్టు ఊరుకున్నాడని నా నమ్మకం.

ఒక వేసవిలో తనకోసమే ఒక జడ కుట్టుకున్నాడు. అమ్మ పట్టుచీర సంచిలో పెట్టుకుని, జడ వెనకాల కట్టడానికి నన్ను తోడు తీసుకుని ఫోటో స్టూడియోకి వెళ్ళాడు. అక్కడ ఆ చీర కట్టుకుని, జడ బాగా కనపడాలని కెమెరాకి వీపు పెట్టి నిలబడితే, ఎదుటి అద్దంలో ముఖం చిన్నగా పడింది. ఆ అద్దంలో తనని తాను చూసుకుంటున్నప్పుడు బాబాయి ఎంత సంతోషంగా ఉన్నాడో, అంత సంతోషంగా ఉన్న పెద్దవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు.

స్టూడియో ఆయన ముచ్చటపడి, అడక్కుండానే ఆ ఫోటో బయట అద్దాల పెట్టెలో పెట్టాడు. చూపు ఆనని నాయనమ్మకి అందులో పువ్వులొక్కటే కనిపించాయి. మురిసిపోయి నాన్నగారిని వెంటబెట్టుకెళ్ళి, "చూడరా అబ్బాయ్, ఇది మీ తమ్ముడి చేతి కుట్టే! ఈ పనితనం బెజవాడలో ఇంకెవరికుందిరా?" అంది. నాన్నగారు ఫోటోలో ఆ అద్దంలోని ముఖం చూశారు.

కొట్టలేదు, తిట్టలేదు. ఇంటికొచ్చి, "స్వామి పిలిచాడు, బయల్దేరు" అన్నారంతే. బాబాయి నాయనమ్మ వంక చూశాడు. తన ప్రాణం కోసం మొక్కిన మొక్కు, వద్దని ఆవిడ మాత్రం ఎలా అంటుంది? అమ్మ కళ్ళొత్తుకుంటూనే దారికి పులిహోర కట్టింది. గుమ్మం పట్టుకుని నిలబడ్డం తప్ప నాకేమీ చేతకాలేదు. దేవుడి దగ్గరికి వెళ్ళే మనిషిని ఏమని చెప్పి ఆపుతారు ఎవరైనా?

గంధం పూసిన గుండుతో తిరిగొచ్చాడు. నాయనమ్మ లడ్డూ కళ్ళకద్దుకుని వీధంతా పంచింది, నేనూ తిన్నాను. ఇక మొక్కు లేదు గనక నెలనెలా మంగలి ఇంటికొచ్చేవాడు. ఎవరడిగినా బాబాయి జడలు కుట్టిచ్చేవాడే గాని, వసారాలో కూర్చోవడం మానేశాడు. లోపలి గదిలో ఒక్కడే కుట్టి, తడిగుడ్డలో చుట్టి పంపేవాడు. నా పెళ్ళికి మాత్రం నన్ను కూర్చోబెట్టుకున్నాడు. నా జడ అరచేతిలో పెట్టుకుని, బరువు చూస్తున్నట్టు పైకెత్తి, "బాగా పెరిగిందే" అన్నాడు. నేను వెనక్కి తిరగలేదు, తిరిగితే ఇద్దరం ఏడుస్తామని తెలుసు.

బాబాయి పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు తనలాంటివాళ్ళు చీర కట్టుకుని, తలనిండా పూలు పెట్టుకుని పెళ్ళికూతుళ్ళని ముస్తాబు చేస్తుంటే, అందరూ మేడమ్ అనే పిలుస్తున్నారు. మగపిల్లలు భుజాలు దాటేలా జుట్టు వదులుకుని బళ్ళమీద తిరుగుతున్నారు, ఏ దేవుడికి మొక్కావని ఎవరూ అడగరు. జుట్టు పెంచుకోవాలంటే తల్లికి జబ్బు చేయాల్సిన కాలంలో పుట్టాడు మా బాబాయి.