బుచ్చవ్వ నీళ్ళు చల్లబడిన రోజు

నస్పూర్‌లో మా గని కార్మికుల కాలనీలో ముప్ఫై ఏళ్ళుగా పసిపిల్లలకు నూనె రాసి నీళ్ళు పోసేది బుచ్చవ్వే. చేతులతో పాటు నోరూ ఆడాల్సిందే. కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టుకుందంటే ముచ్చట్లలో మా పాస్టరు గారిని కూడా వదలదు!

మా పాప ఆరాధన నాలుగో నెలలో "ఊ... ఊ..." అని గొంతెత్తేది. గని సైరన్ మోగినా నిద్ర లేచేది కాదు. "బొగ్గుబాయి బిడ్డంటే గిట్లుండాలె! జరంత సుత బెదరదు," అని బుచ్చవ్వ వాడంతా చెప్పుకొచ్చింది. నేనూ మురిసిపోయాను. ఎంత తెలివితక్కువదాన్ని!

ఎనిమిదో నెలలో ఒక పొద్దున నీళ్ళు పోస్తూ పోస్తూ బుచ్చవ్వ నోరు మూసేసింది. బిడ్డ తల వెనక ఇత్తడి చెంబు మీద గరిటెతో గట్టిగా కొట్టింది. ఆరాధన తిరిగి చూడలేదు.

"జ్యోతీ, గీ ఈడుకు పిల్లలు బబ్బబ్బ, తత్తత్త అని ఒక్కతీరుగ ఒర్రుతరు. గీ పిల్ల ఊకుంటున్నది. దీనికి ఇనవడ్తలేదు బిడ్డా."

"నీ నోట్ల మన్నువడ! నా బిడ్డను చెవిటిదంటవా?" అని మీదికి లేచాను.

"తిట్టు. ధైర్యమని పొగిడింది నేనే గద. రేపు కరీంనగర్ పోదాం పా."

కరీంనగర్‌లో డాక్టరమ్మ బిడ్డను నిద్రపుచ్చి, తలకు తీగలు అంటించి పరీక్ష చేసింది. బుచ్చవ్వ మాటే నిజమైంది. నేను బోరున ఏడ్చాను.

"మొదట్లో ఊ ఊ అనడం వినపడని పిల్లలకూ వస్తుందమ్మా. ఆ తర్వాత పలుకు రావాలంటే మన మాటా, తన గొంతూ చెవిన పడాలి. కొంత వినికిడి మిగిలింది. చెవి మిషన్లు పెడదాం," అంది డాక్టరమ్మ.

"పలుకుతదా మేడం?"

"వినిపిస్తూ ఉండండి. చూద్దాం."

మిషన్లు తడవకూడదు. అందుకని బుచ్చవ్వ తన పద్ధతే మార్చుకుంది. చెవులకు మిషన్లు ఉండగానే ఒంటికి నూనె రాస్తూ ముచ్చట్లన్నీ చెప్పేది, ఆ తర్వాతే వాటిని తీసి నీళ్ళు పోసేది. మూడు నెలలు ఆరాధన ఆమె నోటివంక చూస్తూ ఉండిపోయింది. నాకు ఆశ పోతోంది.

మిషన్లు పెట్టిన నాలుగో నెల, ఒక ఆదివారం. నూనె రాయడం అయింది, మిషన్లు ఇంకా తీయలేదు.

"బ."

అన్నది ఆరాధనే. తనే ఉలిక్కిపడింది! ఎవరన్నారా అని చుట్టూ చూసింది. మళ్ళీ, మెల్లగా, "బబ... బబబ." సైరన్‌కు లేవని పిల్ల తన గొంతుకు తానే అదిరిపడింది.

"యేసయ్యా!" అంది బుచ్చవ్వ. నీళ్ళు కాస్త చల్లబడితే తల్లుల్ని తిట్టిపోసే మనిషి అందుకోబోయిన చెంబు పక్కన పెట్టేసింది.

"బుచ్చవ్వా, నీళ్ళు సల్లగైతున్నయి," అన్నాను.

"కానియ్యే! దాన్ని మాట్లాడనియ్యి."