చావు కట్టెల మీద ఉడికిన గటక

మా చిన్నప్పుడు... నాలుగు రోజులుగా ముసురు. నాయిన జ్వరంతో మంచం పట్టాడు. ఇంట్లో పొడి పుల్ల లేదు. అమ్మ తడి పిడకలు ఊది ఊది అలసిపోయింది. నేను ఎవరికీ చెప్పకుండా కట్టెల సేటు కోత మిషనుకు వెళ్ళి, గేటు పక్క రేకుల కింది కుప్పలోంచి ఒక మోపు ఎత్తుకొచ్చాను.

సేటు ఎక్కడో కచ్ నుంచి బతుకుదెరువుకు వచ్చినవాడు. మా బడికి బల్లలు, దవాఖానకు తలుపులు ఆయనవే. గేటు పక్క కుప్ప మాత్రం చావులకు. ఎవరు పోయినా అడగకుండా తీసుకుపోవచ్చు. ఆ సంగతి నాకు తెలుసు... తెలిసే తెచ్చాను.

జొన్న గటక ఉడుకుతుండగానే వాకిట్లో ఏడుపులు! మోపుతో నన్ను చూసి, నాయిన పోయాడనుకుని గల్లీ అంతా మా ఇంటికొచ్చింది.

"ఓ అన్నా... మమ్ముల ఆగం జేసి పోతివా..." మేనత్త శోకం అందుకుంది.

నాయిన గోడ పట్టుకుని బయటికొచ్చాడు. "బతికే ఉన్ననే!"

ఎదురింటి పెద్దమనిషి మా పొయ్యిలోకి తొంగిచూశాడు. "థూ! పీనుగుల కట్టెతోని బువ్వ వండుతున్నరా? వీళ్ళింట్ల నీళ్ళు గూడ ముట్టొద్దు!"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

అంతలో సేటు పరామర్శకు వచ్చాడు. నాయినను చూశాడు... పొయ్యిని చూశాడు. చెప్పులు విడిచి కింద కూర్చున్నాడు. "ఆకలైతాంది చెల్లె. జర నాకు గూడ పెట్టు."

అందరి ముందూ తిన్నాడు. మర్నాడు గేటు పక్కన రెండో కుప్ప వెలిసింది... పొయ్యిల కోసం.

మొన్న దోస్తును సాగనంపడానికి శ్మశానానికి వెళ్ళాను. రాష్ట్రం వచ్చాక దాన్ని వైకుంఠధామం అంటున్నారు. కొత్త కమాను మీది అక్షరాలు చదివాను. 'మహాదాత' అని ఆ ఎదురింటి పెద్దమనిషి పేరు! కౌన్సిలరైన మనవడు పెట్టించాడట. అక్కడే ఉన్న అతన్ని, ఊరికి ఉత్తగ కట్టెలిచ్చిన సేటు పేరేదని అడిగాను.

"సేటు ఏడికెల్లో వచ్చినోడు తాతా. మనోళ్ళ పేరుండాలె గద" అన్నాడు నాతో.

"మీ తాత పోయిననాడు గా సేటు కుప్పలకెల్లి కట్టె మోసినోన్ని నేనే బిడ్డా" అన్నాను.

అతను ఫోను చూసుకున్నాడు.

ఆ కోపంతోనే, ఇక్కడైనా సేటు పేరు పెద్దక్షరాలతో రాద్దామని కూర్చున్నాను. తీరా చూస్తే... ఆయన అసలు పేరు నాకూ తెలియదు. ఇన్నేళ్ళూ నేనూ అడగలేదు.

మా ఊరివాళ్ళెవరికైనా తెలిస్తే కింద రాయండి... మీ ఊళ్ళో అట్లాంటి మనిషి ఇంకా ఉంటే, ముందు వెళ్ళి పేరు అడగండి.