మాణిక్యం డబ్బా, రెండు బొట్టుబిళ్లలు

వైశాలి మెట్రో దగ్గర ఆంప్లిఫయర్లు బాగుచేసే మాణిక్యానిది కాకినాడ. ఢిల్లీ వచ్చి పాతికేళ్లయినా పప్పులో జీలకర్ర ఎక్కువైతే మొహం చిట్లిస్తాడు; అది వేరే కథ. మూడేళ్లు కూర్చుని తన చేత్తో ఒక డాక్ కట్టాడు. కంప్యూటర్లోని అంకెల్ని మళ్లీ పాటగా మార్చే పెట్టె అది. చూడ్డానికి స్టీలు టిఫిన్ డబ్బాలా ఉంటుంది. నిజానికి డబ్బానే.

ఆదివారం ఇందిరాపురంలో దానికి పరీక్ష. అక్కడ కాపురముండే వరంగల్ రఘువీర్ జర్మనీ నుంచి తెప్పించిన ఖరీదైన డాక్‌తో పోటీ. నెగ్గితే మాణిక్యం ఇక రిపేరువాడు కాదు, తయారుచేసేవాడు. అరడజను మంది స్నేహితులు కళ్లు మూసుకున్నారు. తెర వెనక తీగలు మార్చే పని రఘువీర్ భార్య శరణ్యది.

మొదటిసారి చేతులన్నీ జర్మనీ పెట్టెకే లేచాయి.

"చూసినవా అన్నా, జర్మనీ అంటే జర్మనీయే!" అన్నాడు రఘువీర్.

మాణిక్యం చెవి మాత్రం ఒప్పుకోలేదు. "ఆగండి రఘువీర్ గారూ. మీది బాగా పాడట్లేదండీ, గట్టిగా పాడుతోంది."

తిరునాళ్లలో గొంతున్న జీళ్లవాడి చుట్టూనే జనం మూగుతారు. జీళ్ల రుచి తర్వాతి సంగతి. మాణిక్యం స్పీకర్ తీగలకు మీటరు ఆనించి, రెండు పెట్టెల జోరూ సమానం చేశాడు. ఏ పెట్టెకు వాల్యూమ్ ఎక్కడుండాలో ఆంప్లిఫయర్ మీద శరణ్య బొట్టుబిళ్లలతో గుర్తు పెట్టింది.

"ఎర్రది మీది, నల్లది మాది. బిళ్ల దాటి తిప్పితే ఒట్టు!"

మళ్లీ కచేరీ మొదలైంది. ఈసారి మాణిక్యం కూడా కళ్లు మూసుకున్నాడు. నలుగురు రెండోదానికి చెయ్యెత్తారు.

"రెండోది మాణిక్యం గారిదే!" అంది శరణ్య తెర తీసి. చప్పట్లు.

"అరె అన్నా, నువ్వేంది, మొదటిదానికి ఎత్తినవ్?"

"మృదంగం మీద ఆఖరి దెబ్బండీ. మీ దాంట్లో కాసేపు నిలబడింది. నా దాంట్లో చటుక్కున పోయింది."

"గెలిచినోడివి, గట్లంటవేంది! నాక్కూడా ఒకటి కట్టియ్యి."

మాణిక్యం అప్పటికే స్క్రూడ్రైవర్ తీసి డబ్బా మూత విప్పుతున్నాడు, పెళ్లికొడుకులా వెలిగిపోతూ.

"కడతానండీ. ముందు ఆ దెబ్బ నిలబడనివ్వండి. శరణ్య గారూ, మీ బొట్టుబిళ్లలు తియ్యకండేం!"